రెండు శాస్త్రాల మధ్య ప్రశ్న ఎప్పుడు నిలబడుతుంది? పాఠకుల సందేహాలు, మా సమాధానాలు

ఇంటర్‌డిసిప్లినరీ పరిశోధన (రెండు లేదా అంతకు మించిన శాస్త్రాల్ని కలిపి చేసే పరిశోధన) అంటే ఏమిటని అడిగినవాళ్లు ఈసారి తక్కువ. తమ దగ్గరున్న ప్రశ్న ఆ పేరుకు తగిందో కాదో ఎలా తేల్చుకోవాలని అడిగినవాళ్లే ఎక్కువ. వచ్చిన ఉత్తరాల్లో ఎనిమిదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పీహెచ్‌డీ మొదటి సంవత్సరంలో ఉన్నానండీ. ‘పట్టణాల్లో పెరుగుతున్న వేడి – ప్రజారోగ్యం’ అని ప్రతిపాదన రాసిచ్చాను. వాతావరణ శాస్త్రం, భవన నిర్మాణం, వైద్యం మూడూ ఉన్నాయి. అయినా మా గైడ్ ‘మూడు సబ్జెక్టుల్ని పక్కపక్కన కూర్చోబెట్టావంతే’ అన్నారు. తేడా ఎక్కడుంది?
– పరిశోధక విద్యార్థిని

జవాబు: మీరు రాసింది అంశం. అది ఇంకా ప్రశ్న కాలేదు. వాతావరణం మీద ఒక అధ్యాయం, భవనాల మీద ఒకటి, ఆసుపత్రి లెక్కల మీద ఒకటి రాసి, చివర్లో ఓ పది పేజీల ముగింపు తగిలిస్తే థీసిస్ పూర్తవుతుంది. కానీ ఏ అధ్యాయానికీ పక్క అధ్యాయంతో పనిపడదు. మీ గైడ్ పట్టుకున్న లోపం అదే.

దీనికి ఒక పరీక్ష ఉంది. మీ ప్రశ్నను ఒకే ఒక్క వాక్యంలో రాయండి. అందులో ఒక శాస్త్రానికి చెందిన మాటలన్నీ కొట్టేసి మళ్లీ చదవండి. మిగిలినదానికి రెండో శాస్త్రంవాళ్లు సొంతంగా జవాబు చెప్పుకోగలిగితే, మీరు కొట్టేసిన శాస్త్రం అక్కడ అలంకారానికే ఉందన్నమాట. తర్వాత రెండోవైపు కొట్టేసి చూడండి. ఎటు కొట్టేసినా వాక్యం కూలిపోవాలి. 2004లో అమెరికా జాతీయ అకాడమీలు వెలువరించిన నివేదిక పెట్టిన షరతూ దాదాపు ఇదే: రెండు లేదా అంతకు మించిన శాస్త్రాల సమాచారం, పద్ధతులు, సిద్ధాంతాలు కలిసిపోవాలి, సమస్య ఏ ఒక్క శాస్త్రం పరిధిలోనూ తేలనిదై ఉండాలి.

మీ అంశాన్నే తీసుకుందాం. ‘వేడి పెరిగితే ఆరోగ్యం దెబ్బతింటుందా?’ అని అడిగితే వైద్యులొక్కరే చాలు. పైగా జవాబు ముందే తెలుసు. ‘కాంక్రీటు కప్పున్న ఇళ్లలో నిద్ర తక్కువా?’ అంటే కాస్త నయం. కానీ భవన శాస్త్రం ఇక్కడ చేస్తున్నదేమీ లేదు. సర్వే ఫారంలో ‘కప్పు రకం’ అనే గడిలో టిక్కు పెడితే దాని పని అయిపోతుంది.

ఇంకో మెట్టు ఎక్కాలంటే రెండు శాస్త్రాల లోపలికీ వెళ్లాలి. మందపాటి కాంక్రీటు పగటి వేడిని పీల్చుకుని కొన్ని గంటలు ఆలస్యంగా లోపలికి వదులుతుంది. రేకు ఎండకు వెంటనే కాలి, పొద్దుగూకగానే చల్లబడుతుంది. ఇది భవన శాస్త్రం. నిద్ర పట్టే వేళకు శరీరం లోపలి ఉష్ణోగ్రత తగ్గాలి, అందుకోసం చేతుల్లో, పాదాల్లో చర్మానికి రక్తం ఎక్కువగా చేరి వేడి బయటికి పోవాలి, చుట్టూ గాలి వేడిగా ఉంటే ఆ పని మందగిస్తుంది. ఇది నిద్ర శాస్త్రం. రెండూ కలిస్తే ప్రశ్న ఇలా వస్తుంది: ‘కప్పు దాచుకున్న వేడి గదిలోకి ఎక్కువగా దిగే గంట, మనిషి పడుకునే గంటకు దగ్గరవుతున్నకొద్దీ నిద్ర పట్టడం ఆలస్యమవుతుందా?’

ఇప్పుడు ఏ సగం కొట్టేసినా ఏమీ మిగలదు. ఇంకో మంచి లక్షణం కూడా వచ్చింది. జవాబు తేలితే రెండువైపులా ఎవరో ఒకరు తమ అలవాటు మార్చుకోవాలి. మధ్యాహ్నపు వేడి చూసుకుని కప్పు మందం నిర్ణయించేవాళ్లు రాత్రి లెక్క కూడా చూడాలి. రోజు సగటు ఉష్ణోగ్రతతో సరిపెట్టుకునే నిద్ర పరిశోధకులు గంటగంటకూ అది మారే తీరును నమోదు చేయాలి.

ఆ వాక్యం కింద నాలుగు సంగతులు చేర్చండి: ఏం కొలుస్తారు, దేనితో, ఎంతకోసారి, ఏ ఫలితం వస్తే మీ ఊహ తప్పినట్టు. ఉదాహరణకు, మంచం ఎత్తులో, గోడకు ఆనకుండా, ఫ్యాను గాలి నేరుగా తగలని చోట ఉష్ణోగ్రత పరికరం పెట్టి 10 నిమిషాలకోసారి నమోదు. మణికట్టుకు కదలికల్ని పట్టే గడియారం, నిమిషానికోసారి. ఇలా 14 రాత్రులు. కదలకుండా మేలుకుని పడుకున్నా ఆ గడియారం నిద్ర అనే లెక్కేస్తుంది. అందుకని పడుకున్న వేళ, లేచిన వేళ కాగితం మీద రాయించడం తప్పనిసరి. పరికరాల సమయాలన్నీ మొదటి రోజే ఒకటి చేసుకోండి. మీరు కొలుస్తున్నదే గంటల తేడా కాబట్టి అక్కడ తప్పు జరిగితే మిగిలేదేమీ ఉండదు. ఊరి వాతావరణ కేంద్రం లెక్కలు ఈ పనికి చాలవు. అవి ఆరుబయటి గాలివి, కప్పు కింది గాలివి కావు.

రేకుల ఇంట్లో ఉండేవాళ్లకూ కాంక్రీటు ఇంట్లో ఉండేవాళ్లకూ ఆదాయంలో, పని వేళల్లో, చుట్టూ ఉండే చప్పుళ్లలో కూడా తేడాలుంటాయి. కాబట్టి ఇంటిని ఇంటితో పోల్చే బదులు, అదే మనిషి ఒక రాత్రిని మరో రాత్రితో పోల్చండి. ఒక్క జాగ్రత్త: ఆలస్యంగా పడుకున్న రాత్రి అలసట వల్లే నిద్ర త్వరగా పట్టొచ్చు. పడుకున్న వేళ ప్రభావాన్ని విశ్లేషణలో విడిగా లెక్కలోకి తీసుకోకపోతే అది వేడి ప్రభావాన్ని కప్పేస్తుంది.

ప్రశ్న: రెండు శాస్త్రాలు కలుస్తున్నప్పుడు ప్రశ్న కూడా పెద్దదిగానే ఉండాలి కదా? చిన్న ప్రశ్నకు ఇంత హంగామా ఎందుకంటారు మా మిత్రులు.
– భూగర్భ శాస్త్ర విద్యార్థి

జవాబు: మీ శాస్త్రంలోనే దీనికి గొప్ప జవాబుంది. ఇటలీలోని గుబ్బియో దగ్గర సున్నపురాయి పొరల మధ్య సుమారు సెంటీమీటరు మందాన బంకమట్టి పొర ఉంది. డైనోసార్ల కాలం ముగిసిన సరిహద్దు అది. భూగర్భ శాస్త్రవేత్త వాల్టర్ అల్వారెజ్, ఆయన తండ్రి అయిన భౌతిక శాస్త్రవేత్త లూయిస్ అల్వారెజ్ మొదట తేల్చుకోవాలనుకున్నది ‘డైనోసార్లు ఎందుకు పోయాయి’ అని కాదు. ఈ పొర ఏర్పడటానికి ఎంతకాలం పట్టిందన్నదే వాళ్ల ప్రశ్న. కొన్నేళ్లా, వేల ఏళ్లా?

పొర ఎక్కడుందో, దాని కిందా పైనా ఏముందో భూగర్భ శాస్త్రం చెప్పగలదు. గడియారం మాత్రం దానిదగ్గర లేదు. ఆ గడియారం రెండోవైపు నుంచి వచ్చింది. ఇరిడియం అనే లోహం భూమి పైపొరల్లో చాలా అరుదు, అంతరిక్ష ధూళితో పాటు దాదాపు నిలకడగా రాలుతూ ఉంటుంది. పొరలో ఎంత ఇరిడియం ఉందో తెలిస్తే ఎంతకాలం పట్టిందో లెక్కకట్టొచ్చు. అంత సూక్ష్మ పరిమాణాన్ని న్యూట్రాన్ యాక్టివేషన్ పద్ధతిలో (న్యూట్రాన్లు తాకించి, తర్వాత వెలువడే కిరణాల్ని బట్టి మూలకాన్ని గుర్తించడం) కొలిచినవాళ్లు ఫ్రాంక్ అసారో, హెలెన్ మిషెల్ అనే అణు రసాయన శాస్త్రవేత్తలు.

కొలిస్తే గడియారం లెక్కకు అందనంత ఇరిడియం బయటపడింది. 1980లో అచ్చయిన వ్యాసం ప్రకారం పెరుగుదల ఇటలీలో సుమారు 30 రెట్లు, డెన్మార్క్‌లో 160 రెట్లు, న్యూజిలాండ్‌లో 20 రెట్లు. దాంతో సుమారు 10 కిలోమీటర్ల వ్యాసమున్న గ్రహశకలం ఢీకొట్టిందన్న ప్రతిపాదన వచ్చింది. దగ్గర్లో సూపర్నోవా (పెద్ద నక్షత్రం) పేలి ఉండొచ్చన్న పోటీ వివరణనూ వాళ్లు వదిలేయలేదు. అదే నిజమైతే అలాంటి పేలుడులో పుట్టే ప్లుటోనియం-244 ఆ పొరలో దొరకాలి. వెతికారు, లేదు. మెక్సికోలోని చిక్సులుబ్ బిలాన్ని ఆ ఢీకి గుర్తుగా ప్రతిపాదించిన వ్యాసం 1991లో వచ్చింది.

మీ మిత్రులకు చూపించాల్సింది ఆ ప్రశ్న కొలతను. ఒక పొర, ఒక మూలకం, ఒక సంఖ్య. జవాబు ఎలా వచ్చినా పనికొచ్చే ప్రశ్న అది. ఇరిడియం అతి తక్కువగా ఉంటే పొర త్వరగా ఏర్పడిందని, ఓ మోస్తరుగా ఉంటే వేల ఏళ్లు పట్టిందని తెలిసేది. రెండు జవాబులకూ స్థానం ఉన్న ప్రశ్న కాబట్టే, ఎవరూ ఊహించని మూడో జవాబు వచ్చినప్పుడు అది వెంటనే కళ్లకు కట్టింది. ‘ఫలానాది కీలక పాత్ర పోషిస్తుందా?’ అనే బాపతు ప్రశ్నలకు ఈ గుణం ఉండదు. ఏ ఫలితం వచ్చినా అవుననే రాసుకోవచ్చు.

ప్రశ్న: ఒక ప్రశ్నలో ఎన్ని శాస్త్రాలుంటే మంచిది?
– అధ్యాపకురాలు

జవాబు: రెండు చాలు. మూడోదాన్ని చేర్చేముందు, అది లేకపోతే ఏ కొలత ఆగిపోతుందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే చేర్చకండి.

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ విద్యార్థినండీ. జనం ఇంటర్నెట్‌లో వెతికే మాటల డేటా పెద్దయెత్తున నా దగ్గరుంది. దాంతో రోగాల వ్యాప్తిని ముందే పసిగట్టవచ్చనుకుంటున్నాను. డేటా చేతిలో పెట్టుకుని ప్రశ్న వెతుక్కోవడం తప్పా?
– ఎం.టెక్. విద్యార్థి

జవాబు: తప్పు కాదు. కాకపోతే మీ దారిలో ముందే నడిచినవాళ్ల అనుభవం చదివి మొదలుపెట్టండి. 2008లో మొదలైన గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ సరిగ్గా ఈ పనే చేసింది. 5 కోట్ల వెతుకులాట పదాల్లోంచి, 1,152 డేటా బిందువులకు బాగా సరిపోయే వాటిని ఏరింది. ఇన్ని కోట్లలోంచి ఏరినప్పుడు, ఫ్లూతో సంబంధం లేకుండా చలికాలంలో పెరిగే పదాలు కూడా అందులోకి వచ్చేస్తాయి. హైస్కూల్ బాస్కెట్‌బాల్‌కు సంబంధించిన పదాల్ని తయారుచేసినవాళ్లే తీసేయాల్సి వచ్చింది. అమెరికాలో బాస్కెట్‌బాల్ సీజన్, ఫ్లూ సీజన్ ఒకేసారి వస్తాయి మరి. దాంతో ఆ నమూనా కొంత ఫ్లూను, కొంత చలికాలాన్ని పసిగట్టే పరికరంగా తయారైంది. 2009లో వేళకాని వేళ వచ్చిన స్వైన్ ఫ్లూ మొదటి విడతను అందుకోలేకపోయింది. 2011 ఆగస్టు నుంచి చూసిన 108 వారాల్లో 100 వారాలు ఎక్కువ అంచనా వేసిందని 2014లో వచ్చిన ఒక విశ్లేషణ చూపించింది. 2015లో ఆ అంచనాలు ప్రచురించడం ఆపేశారు.

‘వెతుకులాటతో ఫ్లూను పసిగట్టగలమా?’ అన్న ప్రశ్న పైకి రెండు శాస్త్రాలదిలా ఉంటుంది. కానీ జ్వరమొచ్చిన మనిషి ఏ రోజున, ఎందుకు వెతుకుతాడు, జ్వరం లేని మనిషి వార్తలు చూసి భయపడి ఎప్పుడు వెతుకుతాడు అన్నది అందులో లేదు. రోగ వ్యాప్తి శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం జవాబు చెప్పాల్సింది అక్కడే. వెతుకుతున్నప్పుడు పెట్టె కింద కనిపించే సూచనల్ని కంపెనీ మార్చినా పదాల లెక్క మారిపోతుంది, రోగం మారకపోయినా.

మీ డేటాతో అడగదగ్గ ప్రశ్న ఇంకొంచెం ఇరుకుగా ఉండాలి: ‘ఆరోగ్య శాఖ రెండు వారాలు ఆలస్యంగా ఇచ్చే లెక్కలు ఎలాగూ ఉన్నాయి కదా, వెతుకులాట డేటా వాటికి అదనంగా ఎంత చేరుస్తుంది, రోగం వార్తల్లో బాగా నలిగిన వారాల్లో ఆ అదనం మిగులుతుందా పోతుందా?’ పాత లెక్కల్ని ఈ వారానికి పొడిగించుకునే మామూలు పద్ధతితో మీ నమూనాను తప్పకుండా పోల్చండి. దాన్ని ఓడించలేకపోతే, ఆ సంగతే నిజాయితీగా రాయండి. అది కూడా ఫలితమే.

ప్రశ్న: మాకు ఒకవైపు జిల్లాలవారీ కాలుష్యం లెక్కలున్నాయి, మరోవైపు ఒక్కో రోగి వివరాలున్నాయి. కలిపేయొచ్చా?
– ప్రజారోగ్య పరిశోధకుడు

జవాబు: కలపొచ్చు. కానీ జిల్లా స్థాయిలో కనిపించిన సంబంధాన్ని మనిషికి అంటగట్టకూడదు. 1950లో డబ్ల్యూ.ఎస్. రాబిన్సన్ అమెరికా 1930 జనాభా లెక్కలతో దీన్ని తేటతెల్లం చేశారు. విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ (–1 నుంచి +1 దాకా ఉండే సహసంబంధం కొలతలో –0.53). మనుషుల్ని ఒక్కొక్కరిగా చూస్తే ఆ గుర్తే తిరగబడింది: విదేశాల్లో పుట్టినవాళ్లలో నిరక్షరాస్యత కాస్త ఎక్కువ (+0.12). వలస వచ్చినవాళ్లు అక్షరాస్యత ఎక్కువున్న రాష్ట్రాల్లో స్థిరపడటమే కారణం.

కాబట్టి ప్రశ్న వాక్యంలోనే ప్రమాణం రాసేయండి: మనిషికా, ఇంటికా, వార్డుకా, జిల్లాకా, గంటకా, రోజుకా, ఏడాదికా. రెండు శాస్త్రాల డేటా ఒకే ప్రమాణంలో కలిసే చోటు ఉందో లేదో ఒక చిన్న పట్టిక గీసి చూడండి. లేకపోతే రెండు దారులున్నాయి. ప్రశ్నను జిల్లా స్థాయికి తగ్గించుకుని జిల్లా గురించే మాట్లాడటం ఒకటి, సన్నగా కొలిచిన డేటా కొత్తగా సేకరించడం రెండోది. మొదటిది చవక. చాలామంది ఆ దారిన బయల్దేరి, ముగింపులో మాత్రం మనుషుల గురించి రాసేస్తారు.

ప్రశ్న: పురావస్తు తవ్వకంలో దొరికిన బొగ్గు, సముద్రపు గవ్వల వయసు రేడియోకార్బన్‌తో తేల్చి, అక్కడి జనం చేపల వేట ఎప్పుడు మొదలెట్టారో రాద్దామనుకుంటున్నాను. పరీక్ష ల్యాబ్‌వాళ్లు చేస్తారు. నా వైపు నుంచి ఇంకేమైనా చూసుకోవాలా?
– చరిత్ర విద్యార్థి

జవాబు: చూసుకోవాలి. అరువు తెచ్చుకున్న ప్రతి పద్ధతి వెంటా కొన్ని ఊహలు వస్తాయి. సంఖ్య ఒక్కటే తీసుకుని ఊహల్ని ల్యాబ్‌లోనే వదిలేస్తే ప్రశ్న అక్కడే దెబ్బతింటుంది. 1949లో విల్లర్డ్ లిబ్బీ బృందం ఈ పద్ధతి ప్రకటించినప్పుడు, గాలిలో కార్బన్-14 (జీవి చనిపోయాక కాలంతో పాటు తరిగిపోయే రేడియోధార్మిక కార్బన్) పాలు ఎప్పుడూ ఒకేలా ఉందన్న ఊహ మీద లెక్క నడిచింది. చెట్ల వలయాలతో సరిచూస్తే అలా లేదని తేలింది. అందుకే ల్యాబ్ ఇచ్చే ముడి వయసు క్యాలెండర్ సంవత్సరం కాదు, దాన్ని కాలిబ్రేషన్ వక్రరేఖతో (ముడి వయసును అసలు సంవత్సరాల్లోకి మార్చే గీతతో) సరిచేయాలి.

మీ విషయంలో ఇంకో చిక్కుంది. సముద్రపు నీటిలోని కార్బన్ పాతది. అందువల్ల గవ్వ తన అసలు వయసు కన్నా సగటున ఓ 400 ఏళ్లు పెద్దదిగా కనిపిస్తుంది, ఈ తేడా తీరాన్ని బట్టి మారుతుంది. అదే పొరలోని బొగ్గు ఏ ముసలి చెట్టు నడిమి కలపదో అయితే అది కూడా ముందటి కాలం చూపిస్తుంది. రెండూ పాతవైపే లాగుతాయి గనుక, అవి ఒకదానికొకటి సరిపోయాయని సంతోషించడానికి లేదు. గింజలు, సన్నని రెమ్మల్లాంటి తక్కువకాలం బతికే వాటి బొగ్గు ఎంచుకోండి. మీ ప్రశ్న 50 ఏళ్ల తేడాను అడుగుతూ, కాలిబ్రేట్ చేసిన వయసు 200 ఏళ్ల వ్యవధిలో వస్తుంటే ఆ ప్రశ్నకు ఈ పద్ధతి సరిపోదు. నమూనాలు పంపకముందే ల్యాబ్‌తో ఈ మాట మాట్లాడండి.

ప్రశ్న: రెండో శాస్త్రం ఎంత నేర్చుకోవాలి? మళ్లీ డిగ్రీ చేయలేం కదా.
– ఉద్యోగం చేస్తూ పరిశోధిస్తున్న పాఠకురాలు

జవాబు: డిగ్రీ అక్కర్లేదండీ. మొదటి సంవత్సరం పాఠ్యపుస్తకంలో మీ ప్రశ్నకు తగిలే రెండు మూడు అధ్యాయాలు, గత ఐదేళ్లలో వచ్చిన ఒక సమీక్షా వ్యాసం, ఆ శాస్త్రంవాళ్లు ఒకరితో ఒకరు విభేదించిన రెండు వ్యాసాలు చదవండి. చివరివి అన్నిటికన్నా ముఖ్యం. పాఠ్యపుస్తకం ఏది స్థిరపడిందో చెబుతుంది, వాదన ఇంకా నడుస్తున్న చోటు ఈ వ్యాసాల్లోనే కనబడుతుంది.

మీ ఆలోచన కొత్తదేనా అని రెండు శాస్త్రాల పత్రికల్లోనూ, ఎవరి మాటలతో వాళ్లవైపు వెతకండి. 1994లో మధుమేహానికి సంబంధించిన ఒక పత్రికలో, వక్రరేఖ కింద వైశాల్యాన్ని లెక్కకట్టే కొత్త నమూనా అంటూ ఒక వ్యాసం అచ్చయింది. అది గణితంలో ఎంతోకాలంగా ఉన్న ట్రెపిజాయిడల్ నియమమేనని (వక్రరేఖ కింది భాగాన్ని సన్నని ముక్కలుగా కోసి వాటి వైశాల్యాల్ని కూడడం) తర్వాత ఉత్తరాలు వచ్చాయి. ఒక గణిత అధ్యాపకుడికి ఓ పూట చూపించి ఉంటే తేలిపోయేది.

ప్రశ్న: మా సంస్థకు ఏటా ఇలాంటి ప్రతిపాదనలు వస్తాయి. కమిటీలో ఒక్కొక్కరిదీ ఒక్కో శాస్త్రం. ఎవరికి వారు ‘నా శాస్త్రంలో ఇందులో కొత్తదేమీ లేదు’ అంటారు. మార్కులెలా వేయాలి?
– పరిశోధన కమిటీ సభ్యుడు

జవాబు: మీ కమిటీలో జరుగుతున్నది చాలాచోట్ల జరిగేదే. ఆస్ట్రేలియా పరిశోధన మండలికి ఐదేళ్లలో వచ్చిన 18,476 ప్రతిపాదనల్ని విశ్లేషించి 2016లో నేచర్‌లో ప్రచురించిన అధ్యయనం, శాస్త్రాల మధ్య దూరం ఎక్కువున్నకొద్దీ నిధులు దొరికే అవకాశం తగ్గిందని చూపింది.

పరిశీలకుల ప్రశ్నాపత్రాన్నే మార్చి చూడండి. ‘మీ శాస్త్రంలో ఇది కొత్తదా?’ అని అడగడం మానండి. ‘మీ శాస్త్రం ప్రమాణాల ప్రకారం ఇందులో తప్పేమైనా ఉందా?’ అని ఒక్కో శాస్త్రంవారినీ విడివిడిగా అడగండి. ప్రతి సగమూ దాని ఇంట్లో సరిగ్గా ఉండాలి, కొత్తగా ఉండనక్కర్లేదు. కొత్తదనాన్ని చూడాల్సింది రెండు సగాలూ అతుక్కునే చోట. ఆ చోటు కోసం మూడో పరిశీలకుడు కావాలి. ఆయనకు రెండింట్లోనూ పాండిత్యం ఉండాలని లేదు, ఇలాంటి పని ఒకటి చేసి ఉంటే చాలు. మార్కుల్లో సగమైనా ఆ అతుకుకే కేటాయించండి. లేకపోతే మొదటి ఇద్దరి సగటే మళ్లీ నిర్ణయం చేసేస్తుంది.

దరఖాస్తుదారుల నుంచి రెండు పేరాలు అదనంగా రాయించుకోండి. మొదటిది, రెండు శాస్త్రాలవాళ్లు ఏ నెలలో, ఏ డేటా దగ్గర కలిసి కూర్చోక తప్పదు అన్నది. ఆ కూర్చోవడం చివరి మూడు నెలల్లో ‘సమన్వయం’ అనే పేరుతో మాత్రమే ఉంటే అనుమానించండి. మొదటి ఆరు నెలల్లోనే ఒకరి కొలత రెండోవారి పనిని మార్చేలా ఉండాలి. రెండో పేరా, ఒక సగం విఫలమైతే రెండో సగానికి ఏమవుతుందన్నది. ‘ఏమీ కాదు, దాని దారిన అది సాగుతుంది’ అని రాశారంటే అవి రెండు వేర్వేరు ప్రాజెక్టులు. విడగొట్టి ఇవ్వమని తిప్పి పంపండి. విడిగా చూస్తే రెండూ మంచివే కావచ్చు, నిధులకూ తగినవే కావచ్చు.